జి.డి. నాయుడు, మా మామ జీపు, నా బ్యాక్‌లాగ్

ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి గురించి రాయమని మన క్లబ్బు వాళ్ళు అడిగినప్పుడు నా ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఇంజనీర్స్ డే స్పీచుల్లోంచి నాలుగు ముక్కలు ఏరి విశ్వేశ్వరయ్య గారి మీద ఒక వ్యాసం అల్లెయ్యడం. రెండోది, నేను వైవాలో తప్పిన సంగతి అందరి ముందు ఒప్పుకుని, ఆ దెబ్బ తర్వాత నాకు పరిచయమైన మనిషి గురించి రాయడం. మొదటిది సులువు. కానీ మెకానికల్ బ్యాచ్‌లో నేను ఫెయిలైన సంగతి తెలియనివాడు ఎలాగూ లేడు కాబట్టి రెండోదే రాస్తున్న.

వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగింది చాలా చిన్న ప్రశ్న. ఇంజన్ ఇన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోంది, బండి ఈ గేర్‌లో ఉంది, వెనుక యాక్సిల్ నిష్పత్తి ఇంత, టైరు రేడియస్ ఇంత, బండి గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతోంది? అంతే. ముందురోజు రాత్రి గేర్ పళ్ళ ఇన్‌వల్యూట్ ప్రొఫైల్ డెరివేషన్ మొత్తం బట్టీ కొట్టి వచ్చిన నేను, ఫార్ములా ఇస్తే చేస్తానని అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నా రికార్డు మూసి పక్కన పెట్టి తర్వాతి నంబరు పిలిచాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తది.

ఆ తర్వాత రెండు నెలలకి ఇండస్ట్రియల్ టూర్‌లో కోయంబత్తూరు పోయాం. పంపులు, మోటార్లు, టెక్స్‌టైల్ యంత్రాలు చూసి చూసి కళ్ళు మసకలు కమ్మాక, అవినాశి రోడ్డు మీద జి.డి. నాయుడు మ్యూజియంలోకి తీసుకెళ్ళారు. పేరు చూసి మనవాడే అనుకున్న. మనవాడే. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో, ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893 మార్చి 23న పుట్టాడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. శతాబ్దాల కిందట అటు వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఆ జిల్లాలో చాలామంది. తమిళనాడులో ఆయన పేరు చిన్నపిల్లలకి కూడా తెలుసు, అక్కడ ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అంటారు. మన దగ్గర ఆటోమొబైల్ చదివేవాళ్ళలోనే పదిమందిని అడిగితే ఇద్దరు చెప్పరు. నేనూ ఆ ఎనిమిదిమందిలో ఒకణ్ణి.

నాయుడికి బడి ఎక్కలేదు. ప్రాథమిక చదువు దాటి పోలేదు. పొలం పనుల్లో పడ్డాడు. అలా ఉన్నప్పుడు ఒకరోజు బ్రిటిష్ రెవెన్యూ అధికారి ఒకాయన మోటారు సైకిల్ మీద ఆ దారిన వచ్చాడు. అది ఇంగ్లండులో చేసిన రడ్జ్ బండి, 1912 నాటిది. గుర్రం లేదు, ఎద్దు లేదు, తొక్కడం లేదు, అయినా బండి పోతోంది. ఆ కుర్రాడికి నిద్ర పట్టలేదు. ఊరు వదిలి కోయంబత్తూరు చేరి, ఒక హోటల్లో సర్వర్‌గా కుదిరాడు. కొన్నేళ్ళు కప్పులు మోసి, కొన్ని వందల రూపాయలు కూడబెట్టి, ఆ బండిని కొన్నాడు. కొన్నాక చేసిన మొదటి పని దాన్ని ఎక్కి తిరగడం కాదు. ఏ ముక్కకి ఆ ముక్క ఊడదీశాడు, మళ్ళీ బిగించాడు. మెకానిక్ అయ్యాడు.

ఇక్కడ మీకు ఆ రడ్జ్ కంపెనీ గురించి కాస్త చెప్పాలి. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఆ కంపెనీ మల్టీ అనే గేరుతో పేరు తెచ్చుకుంది. ఆ బండ్లలో చెయిన్ లేదు, బెల్టు. ఇంజన్ దగ్గర ఒక పుల్లీ, వెనుక చక్రం దగ్గర ఒక పుల్లీ. చేతి పక్కన ఒక పొడుగు లీవరు. లీవరు జరిపితే ముందు పుల్లీ రెండు పలకలు దగ్గరకొస్తాయి, బెల్టు పైకెక్కుతుంది. అదే సమయంలో వెనుక పుల్లీ పలకలు విడిపోతాయి, అక్కడ బెల్టు లోపలికి దిగుతుంది. అలా దాదాపు ఇరవై మెట్లలో నిష్పత్తి మార్చుకోవచ్చు, బెల్టు వదులు కాదు. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ రేసు గెలిచింది ఈ మల్టీ గేరు బండే. మీ హాస్టల్ ముందు నిలబెట్టిన స్కూటీలో ఉన్నదీ ఇదే కిటుకు, కాకపోతే లీవరు బదులు లోపల రోలర్లు ఆ పని తమంతట తామే చేస్తాయి. అందుకే స్కూటీలో ఇంజన్ మోత విని వేగం చెప్పడం కుదరదు. మోత మారకుండానే బండి వేగం పెరుగుతుంది. గేర్లున్న బండిలో కుదురుతుంది. ఇది నాకు మ్యూజియంలో తట్టలేదు, మా మామ షెడ్డులో తట్టింది. ఆ సంగతి తర్వాత.

1920లో నాయుడు ఒక బస్సు కొన్నాడు. పొల్లాచ్చి నుంచి పళనికి నడిపాడు. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. పళని అంటే మురుగన్ కొండ, ఏడాది పొడుగునా యాత్రికులు. ఆ దారిలో అంతకుముందు ఎద్దుబండ్లు. ఎద్దుబండికి టైమ్‌టేబుల్ ఉండదు. బస్సుకి ఉండాలి. బస్సు ఎప్పుడొస్తదో తెలియకపోతే జనం ఎక్కరు. ఆ కాలపు బండ్లు ఎలాంటివో ఒక లెక్క చూద్దాం. అప్పటి ఫోర్డ్ మోడల్ టీ కారులో ముందుకు పోవడానికి రెండే గేర్లు. పై గేర్‌లో ఇంజన్ 3.64 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టైరు ఎత్తు 30 అంగుళాలు, అంటే చుట్టుకొలత 2.4 మీటర్లకు కాస్త తక్కువ. ఇంజన్ 1000 ఆర్‌పీఎంలో ఉంటే గంటకి 39 కిలోమీటర్ల పైన. కింది గేర్‌లో అదే మోతకి 14 కిలోమీటర్లు. ఏటవాలు ఎక్కినా, ఇసుకలో దిగినా, వేగం ఒక్కసారిగా మూడో వంతుకి పడిపోతుంది, మధ్యలో ఇంకో గేరు లేదు. దారిలో ఎక్కడ ఏ గేరు పడుతుందో తెలిసినవాడే అక్కడికి ఎంతసేపట్లో చేరతామో చెప్పగలడు. డ్రైవరే యజమాని అయినప్పుడు ఆ లెక్క కాగితం మీద కాదు, ఒంట్లోకి ఎక్కుతుంది అని నా నమ్మకం.

కొన్నేళ్ళలో ఆ ఒక్క బస్సు ఒక కంపెనీ అయ్యింది. యూనివర్సల్ మోటార్ సర్వీస్, యు.ఎం.ఎస్. దేశంలో అంత సమర్థంగా నడిచిన ప్రయాణికుల బస్సులు అప్పట్లో తక్కువ అని ఆయన జీవితం రాసిన వాళ్ళందరూ ఒప్పుకుంటారు. బస్సులున్న చోట రిపేర్లు, రిపేర్లున్న చోట వర్క్‌షాప్, వర్క్‌షాప్ ఉన్న చోట నాయుడు ఊరికే కూర్చోడు. 1937లో పీలమేడులో, డి. బాలసుందరం నాయుడుతో కలిసి పెట్టిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మన దేశపు మొట్టమొదటి స్వదేశీ విద్యుత్ మోటారు తయారైంది. ఇప్పుడు ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేలల్లో నీళ్ళు తోడుతున్న మోటార్లలో కోయంబత్తూరు సరుకు ఎంత ఉందో మా ఊళ్ళో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా చెప్తారు. ఆ కథ మొదలైంది అక్కడ.

మిగతావి గబగబా చెప్పేస్తా, ఎందుకంటే ఆ జాబితా చదివితే ఒక మనిషి చేసినట్టు ఉండదు. బ్యాటరీ సెల్స్‌తో నడిచే చిన్న మోటారు పెట్టిన రాసంట్ అనే షేవింగ్ రేజరు. చాలా పల్చటి బ్లేడ్లు. పండ్ల రసం తీసే యంత్రం. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను. సినిమా కెమెరాకి దూరం సరిచేసే పరికరం. దొంగ ఓటు పడకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం. ఆయన కంపెనీ 1941లో అయిదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే చేసి ఇవ్వగలమని ప్రకటించింది. ఫొటోల పిచ్చి కూడా ఉండేది, లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలని తన కెమెరాతో తనే తీశాడు. 1936లో ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఇది కూడా రాయాలి కదా. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటల మీద కూడా ప్రయోగాలు చేశాడు. ఆయన పొలం చూడ్డానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య వచ్చారు.

మ్యూజియంలో నన్ను నిలబెట్టేసింది ఇవేవీ కావు. ఆయన ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశాడన్న సంగతి. ప్రాథమిక చదువు దాటని మనిషి. 1944లో మోటారు వ్యాపారం నుంచి పక్కకి జరిగి, పరిశోధనలు చేసేవాళ్ళకీ, పనివాళ్ళ సంక్షేమానికీ డబ్బు కేటాయించాడు. ఆ తర్వాత ఆయన ఇచ్చిన విరాళాలతో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగ్ కాలేజీ లేచాయి. 1945లో ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ ఆయనే. ఇప్పుడది వేరే చోటికి మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా నడుస్తోంది. మన సీనియర్లలో ఎంటెక్‌కి అటు వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

అక్కడ ఆయనకీ ప్రభుత్వానికీ తేడా వచ్చింది. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్ళు ఎందుకు, ఆ సమయం వృథా, చేతిపని దగ్గర పెట్టి నేర్పితే రెండేళ్ళు చాలు అన్నది ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన కుర్చీ వదిలేసి వచ్చేశాడు. బోర్డు మీద ఈ నాలుగు వాక్యాలు చదివి నేను చాలాసేపు అక్కడే ఉన్న. మా బ్యాచ్ మొత్తం బస్సెక్కాక వార్డెన్ సారు వచ్చి పిలుచుకుపోయాడు. నా మూడేళ్ళు అయిపోయాయి, ఒక ఇంజను ఆర్‌పీఎం నుంచి బండి వేగం చెప్పలేకపోయిన మూడేళ్ళు. నాయుడు లెక్కలో నేను ఏడాది కిందటే కోర్సు పూర్తి చేసి, వైవా తప్పినవాణ్ణి.

శివరాత్రికి ఆర్మూరు పోయిన. పసుపు సీజన్. ఆ రోజుల్లో మా ఊరికి రాకపోతే చెప్పినా అర్థం కాదు. ఉడకబెట్టిన పసుపు ఆవిరి వాసన, కళ్ళాల్లో ఆరబోసిన కొమ్ములు, పాలిషింగ్ డ్రమ్ముల గడగడ. మనిషి చెమట తుడుచుకుంటే చేతిరుమాలు పచ్చగా అయితది. సిద్ధుల గుట్ట మీద నుంచి చూస్తే ఊరి చుట్టూ కళ్ళాలు పసుపు గుడ్డలు ఆరేసినట్టు ఉంటాయి. మా మామకి ఊళ్ళో మెకానిక్ షెడ్డు. ఏడో తరగతి చదివిండు. సీజన్లో ట్రాక్టర్లు, డ్రమ్ములు ఆయన దగ్గరికే వస్తాయి. నా ఫీజు రెండేళ్ళు కట్టింది కూడా ఆయనే. బ్యాక్‌లాగ్ సంగతి అమ్మకి చెప్పిన కానీ మామకి చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మామకి ఒక పాత మహీంద్రా జీపు. డీజిల్ ఇంజన్, మూడు గేర్లు. స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గర పడుకుని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. సప్లీకి నెల రోజులుంది. ఈ జీపు మీదనే లెక్క కట్టి చూద్దామని అనుకున్న. మామకి మాత్రం కాలేజీ ప్రాజెక్టు అని చెప్పిన.

లెక్క నిజానికి ఏమీ లేదు. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, దాన్ని గేరు తగ్గిస్తుంది. గేరు నుంచి వచ్చిన దాన్ని వెనుక యాక్సిల్ తగ్గిస్తుంది. మిగిలింది చక్రం తిరిగే చుట్లు. చక్రం ఒక చుట్టుకి ఎంత దూరం పోతుందో దానితో గుణిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లో వస్తుంది. 60తో గుణించి 1000తో భాగిస్తే గంటకి కిలోమీటర్లు. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన ఫార్ములా ఎక్కడుంది? బండి కిందికి వంగి చూస్తే వరసగా కనిపించే వస్తువులే.

ఒక్కొక్కటి కొలిచిన. టైరు మీద సుద్దతో గీత, నేల మీద గీత, జీపుని ఒక చుట్టు నెట్టి టేపు పెడితే 2.2 మీటర్లు. టైరు వ్యాసం కొలిచి పై తో గుణిస్తే ఇంకో ఏడెనిమిది సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది, కానీ బరువు కింద టైరు అణిగి ఉంటుంది కాబట్టి నేల మీద కొలిచిందే నిజం. పై గేరు డైరెక్టు, 1కి 1. ఆర్‌పీఎం మీటర్ లేదు. దానికి ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెట్టిన. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఒక చుట్టుకి రెండుసార్లు మండుతుంది. మోత 60 హెర్ట్జ్ దగ్గర గట్టిగా కనిపిస్తే సెకనుకి 60 మంటలు, 30 చుట్లు, అంటే 1800 ఆర్‌పీఎం. మామ మామూలుగా రోడ్డు మీద పోయే మోత సరిగ్గా అక్కడే ఉంది.

మిగిలింది యాక్సిల్ నిష్పత్తి. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక ఒక చక్రం జాకీ మీద లేపిన. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చూసిన. రెండున్నర దాటి ఇంకాస్త. నాలుగైదుసార్లు చూసి 2.69 అని రాసుకున్న. 1800ని 2.69తో భాగించి, 2.2తో గుణించి, చివరికి గంటకి 88 కిలోమీటర్లు తేల్చిన. మామ దగ్గరికి పోయి, నువ్వు రోజూ ఎనభై ఎనిమిది మీద పోతున్నవని గర్వంగా చెప్పిన.

మామ స్పానర్ పక్కన పెట్టి నవ్విండు, బాగా నవ్విండు. ఈ జీపు ఎనభై ఎనిమిది మీద పోతే తలుపులు రోడ్డు మీద ఉంటాయన్నడు. తర్వాత జీపు దగ్గరికి వచ్చి, లేపిన చక్రం చూసి, కింద ఉన్న చక్రం చూసి, ఒక్క చక్రమే లేపినవు కదరా, రెండోదాని వాటా కూడా ఇదే తీసుకుంటదని చెప్పి పోయిండు. అంతే చెప్పిండు. నాకు అప్పుడు వెలిగింది. డిఫరెన్షియల్! కింద ఉన్న చక్రం కదలనప్పుడు లేచిన చక్రం క్రౌన్ వీల్ కంటే రెట్టింపు తిరుగుతుంది. రెండు చక్రాల చుట్లు కలిపితే క్రౌన్ వీల్ చుట్లకి ఎప్పుడూ రెండింతలు. ఇది నేను పరీక్షలో బొమ్మ వేసి మరీ రాసి పది మార్కులు తెచ్చుకున్న సంగతే. అసలు నిష్పత్తి 5.38. పీనియన్‌కి 8 పళ్ళు, క్రౌన్ వీల్‌కి 43. పాత జీపులకి ఉండేది ఇదే. మళ్ళీ లెక్క కడితే పై గేర్‌లో 44 కిలోమీటర్లు, రెండో గేర్‌లో అదే మోతకి 28.5, మొదటి గేర్‌లో 16కి కాస్త తక్కువ.

ఆ రాత్రి నాయుడు రెండేళ్ళ కోర్సు గురించి చాలా ఆలోచించిన. మ్యూజియంలో ఉన్నప్పుడు ఆయన చెప్పింది నూటికి నూరు కరెక్టు అనిపించింది. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్న. మామకి జవాబు తప్పని క్షణంలో తెలిసింది, ఎక్కడ తప్పిందో కూడా తెలిసింది. కానీ సరిగ్గా రెట్టింపే ఎందుకు, ఒకటిన్నర రెట్లు ఎందుకు కాదు అని నేను అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది, కాకపోతే అది నా దగ్గర ఉందని నాకు తెలియదు. సైడ్ గేర్లు, స్పైడర్ పినియన్లు కాగితం మీద గీసి మామకి చూపించిన. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసిండు. ముప్పై ఏళ్ళుగా విప్పి బిగిస్తున్న వస్తువుని మొదటిసారి చూస్తున్నట్టు చూసిండు. వైవా సంగతి అప్పుడు చెప్పిన. ఏమంటడో అని భయపడ్డ. ఫీజు ఎంత కట్టాలె అని మాత్రం అడిగిండు.

నాయుడు దగ్గరికి మళ్ళీ వద్దాం. కాలేజీ వదిలిన తర్వాత కూడా ఆయన ఆగలేదు. 1952లో ఆయన రెండు సీట్ల పెట్రోలు కారు చేశాడు. వెల 2000 రూపాయలు. మామూలు మనిషి కొనుక్కోగల కారు. దాన్ని పెద్ద ఎత్తున తయారు చెయ్యడానికి లైసెన్సు కావాలి. ప్రభుత్వం ఇవ్వలేదు. ఉత్పత్తి ఆగిపోయింది. అది లైసెన్సుల కాలం, ఏ ఫ్యాక్టరీ ఏం చెయ్యాలో, ఎన్ని చెయ్యాలో ఢిల్లీలో తేలేది. చిన్న కారు అనే మాట మన దేశంలో మళ్ళీ జనం నోళ్ళలో నానడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే బాధ కలిగించే ముక్క ఇదే. ఒక రడ్జ్ బండిని విప్పి బిగించి మోటారు విద్య నేర్చుకున్నవాడు, నలభై ఏళ్ళు దాని చుట్టూనే తిరిగి, చివరికి పూర్తి కారే చేస్తే, దాన్ని రోడ్డెక్కించడానికి అడ్డం వచ్చింది గేర్లు కాదు, ఇంజను కాదు, ఒక కాగితం. ఆ కారు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. రోడ్డు మీద ఓడిపోయేదేమో కూడా. కానీ ఓడిపోయే అవకాశం కూడా దానికి దక్కలేదు.

పన్నుల విషయంలోనూ ప్రభుత్వంతో ఆయనకి పడలేదు. మొండిమనిషి. మొండితనం లేకపోతే హోటల్లో కప్పులు మోసి మోటారు సైకిల్ కొనడు కదా. 1967లో కోయంబత్తూరులో ఇండస్ట్రియల్ ఎగ్జిబిషన్ ఏర్పాటైంది, మేం చూసింది దాని కొనసాగింపే. 1974 జనవరి 4న చనిపోయాడు. ఎనభై ఏళ్ళు.

శివరాత్రి మర్నాడు మామ నన్ను జీపులో కూర్చోబెట్టుకున్నడు. వెనుక పసుపు బస్తాలు. బస్తాలు ఎక్కినంక టైరు చుట్టుకొలత మళ్ళీ కొలిచిన, నాలుగు సెంటీమీటర్లు తగ్గింది, 2.16. అంటే అదే 1800కి 44 కాదు, 43.4. పెర్కిట్ దాటి 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కినంక మామ పై గేర్‌లో వేసి కాలు కదపకుండా పట్టిండు. ఒక చేతిలో ఫోన్, యాప్‌లో 60 హెర్ట్జ్ దగ్గర గీత. ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి 84 సెకన్లు. తర్వాతి కిలోమీటరుకి 82. సగటు 83. 3600ని 83తో భాగిస్తే 43.4.

నేను అరిచిన అరుపుకి మామ బ్రేకు వేసిండు.

సప్లీ పాసైన. ఈసారి ఎక్స్‌టర్నల్ వేరే ఆయన, వేగం గురించి అడగనే లేదు, క్లచ్ గురించి అడిగాడు. మామ మాత్రం ఊరుకోలేదు. నేను హాస్టల్‌కి వచ్చినంక నిజామాబాద్ నుంచి కొత్త స్పీడోమీటర్ కేబుల్ తెప్పించి బిగించిండు. ముల్లు లేచింది. నేను డాష్‌బోర్డు మీద పెన్సిల్‌తో రాసిపెట్టిన 43 మోత దగ్గర ముల్లు 47 చూపిస్తోందట. మీటరు కరెక్టా, నీ లెక్క కరెక్టా అని ఫోన్ చేసి అడిగిండు. కేబుల్ చివర ఉన్న చిన్న గేరుకి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి ఉంచమని చెప్పిన. ఉగాదికి పోయి మళ్ళీ రాళ్ళ దగ్గర తేల్చుకోవాలె.